యల్లాప్రగడ సుబ్బారావు: భాస్వరం జాడ పట్టిన శాస్త్రవేత్త

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఏమి చేశారని మన కళాశాలలోని సైన్సు విద్యార్థిని ఎవరినైనా అడిగితే వెంటనే ఒక జాబితా అప్పజెబుతాడు. రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆయన పర్యవేక్షణలో వెలువడిన ఆరియోమైసిన్, క్యాన్సరుకు మెథోట్రెక్సేట్. పోటీ పరీక్షల పుస్తకాలలో కూడా ఇంతవరకే ఉంటుంది. ఆ జాబితాను మరల వల్లించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మందుల తయారీకి ముందు పదిహేనేండ్లకు పైగా ఆయన చేసిన పని మరొకటి ఉన్నది. అది కొలత. ఒంటిలో కంటికి కనిపించని మార్పు జరుగుతూ ఉండగా, దాని జాడను రక్తంలోనో మూత్రంలోనో కండరంలోనో పట్టుకొని, ఇది ఇంత ఉన్నదని లెక్కగట్టి చెప్పడం.

ఇట్టి జాడలను నేటి శాస్త్రజ్ఞులు బయోమార్కర్లు అంటున్నారు. తెలుగులో జీవసూచికలు అనవచ్చు. ఏ రసాయనం క్యాన్సరును పుట్టిస్తుందో, మనుషులు దాని వాత పడకముందే ప్రయోగశాలలోని ఎలుకల దేహంలో ఇట్టి సూచికలను చూచి తెలుసుకొనే విద్య ఒకటి గత శతాబ్దంలో పెరిగి పెద్దదయింది. సుబ్బారావు గారు ఆ విద్యకు మూలపురుషుడు కారు. అట్లని చెబితే అతిశయోక్తి అవుతుంది. కాని ఆ బాట పొడుగునా ఆయన చేతి గుర్తులు కనిపిస్తాయి. తెలుగు పాఠాలు చెప్పుకొనే నావంటివాడు ఇందులో వేలు పెట్టడం సాహసమే. రసాయన, జీవశాస్త్రాలు బోధించే మిత్రులను పదేపదే విసిగించి తెలుసుకొన్న సంగతులను ఆయన జీవితకథతో కలిపి ఇక్కడ పొందుపరుస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంతో కూడిన ఆ కుటుంబానికి కలిమి లేదు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి; అనారోగ్యం వలన ముందే ఉద్యోగం మానుకొని, పిల్లలు చేతికి అందిరాకముందే కన్నుమూశారు. బాలుడైన సుబ్బారావుకు చదువుపై ఆసక్తి తక్కువ. పదమూడేండ్ల వయస్సులో ఇంటినుండి పారిపోయి, కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడిద్దామని బయలుదేరితే, తల్లి వెంటబడి పట్టి తెచ్చారట. ఆ తల్లి తన నగలమ్మి పరీక్ష ఫీజులు కట్టారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి. పరీక్షలో ఒకసారి తప్పగానే బడి మాన్పించే తల్లిదండ్రులు మన పడమటి మండలాలలో ఇంకా ఉన్నారు గనుక ఈ సంగతిని కొంచెం నొక్కి చెబుతున్నాను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించిన పిమ్మట ఆయన మనస్సు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరుతానంటే తల్లి ఒప్పుకోలేదు. మఠంవారు సైతం వైద్యం చదివి ప్రజలకు సేవచేయమని దారి చూపారు. అట్లు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు ధనసహాయం చేశారు. ఆయన కుమార్తె శేషగిరిని 1919లో వివాహమాడారు. అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న దినాలు. సుబ్బారావు గారు ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు ధరించి వెళ్లారు. శస్త్రవైద్యం బోధించే బ్రాడ్‌ఫీల్డ్ అను ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. తక్కిన విషయాలన్నింటిలో బాగుగానే వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టం దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగపు ఆశ అంతటితో అడుగంటింది.

దానికంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల వ్యవధిలో ఒకే వ్యాధితో మరణించారు. దానిని స్ప్రూ అంటారు. ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. విరేచనాలతో మనిషి నానాటికి శుష్కించి, రక్తం పలుచనై నీరసిస్తాడు. సుబ్బారావు గారికి కూడా ఆ వ్యాధి సోకింది. ఆంగ్లవైద్యం తెలిసినవారు చేయలేని పనిని ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందులు చేశాయి. బ్రతికి బయటపడిన సుబ్బారావు గారు కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఆ మందులలో పనిచేసిన పదార్థమేది, ఎంత ఉంటే పనిచేస్తుంది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదని గ్రహించి అమెరికాకు ప్రయాణమయ్యారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఖర్చులకు ఆదుకొన్నారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్‌లో దిగారు. కొద్ది ఏండ్లలో తిరిగివస్తానని భార్యకు చెప్పి వెళ్లారు. ఆయన వెళ్లిన పిదప పుట్టిన మగశిశువు పసితనంలోనే పోయింది. భార్యాభర్తలు మరల కలుసుకోలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చికిత్సలో డిప్లొమా చదివే రోజులలో రాత్రిపూట ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే కొలువు చేసి పొట్ట పోసుకొన్నారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని జీవరసాయన ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన సమస్య మాటకు చిన్నదే: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవడం ఎట్లు?

మన తాతల కాలంలో హకీములు నబ్జు పట్టి, గాజు సీసాలోని కారూరాను వెలుతురుకు ఎత్తి చూచి, దాని రంగునుబట్టి, మడ్డినిబట్టి వ్యాధిని ఊహించేవారు. ఆయుర్వేద వైద్యులకు నాడి ఎట్టిదో అదీ అట్టిదే. దేహంలోపలి సంగతికి బయట ఒక గుర్తు ఉండి తీరుతుందనే నమ్మకం రెండింటికీ మూలం. మదనపల్లె ప్రక్కన శతాబ్దం క్రితమే వెలసిన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో కఫాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూచినా అన్వేషణ అదే. హకీముగారి కంటికి రంగు తెలుస్తుంది. ఎంత రంగు అన్నది తెలియదు. ఫిస్క్, సుబ్బారావులు తీర్చింది ఆ లోటును.

వారి పద్ధతి సంగ్రహంగా ఇది. రక్తంలోని మాంసకృత్తులను ఒక ఆమ్లంతో విరిచి వడగడతారు. వడకట్టిన ద్రవానికి మాలిబ్డేటు అనే లవణాన్ని కలిపితే అందులోని ఫాస్ఫేటు దానితో జతకూడుతుంది. మరొక రసాయనాన్ని చేరిస్తే ఆ జంట నీలిరంగుకు తిరుగుతుంది. ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత చిక్కన. పరిమాణం ముందే తెలిసిన మరొక ద్రవం ప్రక్కన పెట్టి, కలరిమీటరు అనే పరికరంలో రెండింటి చిక్కదనాన్ని పోల్చి లెక్క వేస్తారు. అంతకు మునుపున్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండేది కాదు. ద్రవంలోని ఇతర పదార్థాలు అడ్డుతగిలేవి. 1925లో వెలువడిన ఈ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో లోకమంతటా వ్యాపించింది. శాస్త్ర సాహిత్యంలో ఇతరులు అత్యధికంగా పేర్కొన్న వ్యాసాలలో అదొకటి. పిల్లలలో రికెట్స్ అనే ఎముకల వ్యాధిని, మూత్రపిండాల వ్యాధులను గుర్తించడానికి ఈ కొలత వైద్యులకు కొత్త కన్నయింది. నేడు మదనపల్లెలోగాని కుప్పంలోగాని రక్తపరీక్షా కేంద్రాలలోని యంత్రాలు సాధారణంగా అదే మాలిబ్డేటు సూత్రంమీదనే భాస్వరాన్ని లెక్కగడుతున్నాయి.

కొలత సరిగా ఉంటే అది అడగని సంగతి కూడా చెబుతుంది. పిల్లి కండరంలోని ఫాస్ఫేటును కొలుస్తుండగా నీలిరంగు ఒక్కసారిగా రావలసినంత రాక, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోవడం వారు గమనించారు. మరొకరైతే రసాయనం పాతబడిందని పారబోసి ఉండేవారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే భాస్వర పదార్థం ఏదో కండరంలో దాగి ఉన్నదని వీరు ఊహించారు. 1927లో దానిని ఫాస్ఫోక్రియాటిన్‌గా గుర్తించారు. కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతినిస్తే మరల పెరుగుతుంది. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అంతవరకు రాజ్యమేలుతూ ఉండేది; ఆ రంగంలో కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించి ఉన్నది. ఆ సిద్ధాంతానికి ఈ నీలిరంగు పునాదులు కదిలించింది. 1929లో అదే దారిన పోయి వారు ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. ప్రాణి శక్తిని వెచ్చించే చోటల్లా చెలామణి అయ్యే నాణెం ఏటీపీ అని నేడు ఇంటర్మీడియెట్ విద్యార్థి చదువుకొంటున్నాడు. సుబ్బారావు గారికి 1930లో పిహెచ్.డి. పట్టం వచ్చింది.

పేరు రావలసినంత రాలేదు. ఆయన తనను తాను ముందుకు తెచ్చుకొనే స్వభావం కలవారు కారు. హార్వర్డ్‌లో శాశ్వతమైన స్థానం కూడా దొరకలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయాన్ని వదలి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధనా విభాగమంతటికీ ఆయనే అధిపతి అయ్యారు.

అప్పటికే ఆయన మనస్సు కాలేయంమీద లగ్నమై ఉన్నది. ఒక రకమైన ప్రాణాంతక రక్తహీనతకు కాలేయం తినిపిస్తే గుణం కనిపిస్తుందని బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీలు 1926లో చూపారు. చికిత్స పనిచేస్తున్నదని వారికి తెలిసిన విధం గమనింపదగినది. రోగి తేరుకొనే వరకు కాచుకోలేదు. క్రొత్తగా పుట్టిన పసి ఎర్రకణాలు రక్తంలో కొద్దిదినాలలోనే ఎంత పెరిగాయో లెక్కపెట్టారు. అది కూడా జీవసూచికే. అయితే కాలేయంలోని ఏ పదార్థం పనిచేస్తున్నదో తేల్చడానికి వీలు కుదరలేదు. ఆ వ్యాధి ప్రయోగశాలలోని జంతువులకు రాదు. ప్రతి రసాన్నీ మనుషులమీదనే పరీక్షించవలసి వచ్చేది. అందుకు రోగులు చాలినంతమంది దొరకరు.

కాలేయంలోనే ఉన్న మరొక పదార్థం విషయంలో దారి తెరుచుకొన్నది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణులకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు అప్పటికే పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించి ఉన్నారు. అదే పదార్థం లేకపోతే కోడిపిల్లలు పెరగక పాలిపోతాయని, ఒక జాతి పెరుగు బాక్టీరియా గొట్టంలో వృద్ధిచెందదని ఇతరులు కనుగొన్నారు. బాక్టీరియా పెరుగుదలను కొలిచి ఆ పదార్థం ఎంత ఉన్నదో చెప్పడం సులువు. సుబ్బారావు గారి బృందంలో స్టాక్‌స్టాడ్ మొదలైనవారు ఈ కొలతలను పట్టుకొని టన్నులకొద్దీ ముడిసరుకునుండి రవ్వంత పదార్థాన్ని శుద్ధిచేశారు. 1945 ఆగస్టులో దానిని కృత్రిమంగా తయారుచేసిన వార్త వెలువడింది. అదే ఫోలిక్ ఆమ్లం. టామ్ స్పీస్ అనే వైద్యుడు వెంటనే దానిని క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారు కోలుకొన్నారు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి పాతికేండ్ల పిదప సుబ్బారావు గారి ప్రయోగశాలనుండే మందు బయలుదేరింది. ఈ ఒక్క ఘట్టంతో ఆయన కథను ముగించే రచయితలున్నారు. కథ ఇంకా ఉన్నది.

క్యాన్సరును, అనగా మన పెద్దలు రాచపుండు అన్న వ్యాధిని, ఆయన చేరుకొన్నది ఎలుకల మూలకంగానే. న్యూయార్కు మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో ల్యూయిసన్ అనే శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు ఫోలిక్ ఆమ్లపు బంధువైన ఒక పదార్థాన్ని రొమ్ము గడ్డలున్న చుంచెలుకలకు ఎక్కించగా కొన్నింటిలో గడ్డలు కరిగిపోయాయని 1945 ప్రాంతంలో ప్రకటించారు. అటువంటి పదార్థాలను సుబ్బారావు గారి బృందం తయారుచేసి బోస్టన్ బాలల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. ఆయన వాటిని ల్యూకీమియా పిల్లలకు ఇచ్చారు. ఫలితం తలక్రిందులయింది. ఎముక మూలుగను తీసి చూడగా వ్యాధికణాలు ఇంకా వేగంగా పెరిగినట్లు కనిపించింది. చుంచెలుకలో కనిపించిన మేలు పసిబిడ్డలో కీడుగా పరిణమించింది.

ఇక్కడనే వీరి బుద్ధిసూక్ష్మత తేటపడుతుంది. మూలుగ ఇచ్చిన గుర్తును తిరగవేసి చదివారు. ఫోలిక్ ఆమ్లం వ్యాధికణాలకు మేత అయితే, ఆ మేతలాగే కనిపిస్తూ కడుపు నింపని నకిలీని పంపితే ఏమవుతుంది? అణువులో ఒక చిన్న భాగాన్ని మార్చి అమినోప్టెరిన్‌ను, ఆ వెంటనే దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను లెడర్లీ రసాయనజ్ఞులు తయారుచేశారు. 1947 చివరనుండి ఫార్బర్ అమినోప్టెరిన్‌ను పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్ 3న అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. నెలలపాటు మాత్రమే, తరువాత తిరగబెట్టింది. అయినా రక్తపు క్యాన్సరు ఒక రసాయనానికి లొంగడం అంత స్పష్టంగా కనబడడం అదే మొదలు.

ఈ మధ్యకాలంలోనే పత్తి ఎలుక అనే జంతువు రక్తంలోని సూక్ష్మ క్రిములను లెక్కపెడుతూ హెట్రజాన్‌ను సాధించారు. డగ్గర్ ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. వీటి గురించి చాలామంది వ్రాశారు గనుక నేను ఆగను.

ఫార్బర్ వ్యాసం వెలువడి రెండు నెలలు దాటగానే, 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే సుబ్బారావు గారి గుండె ఆగిపోయింది. ఆయన వయస్సు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. స్వతంత్ర భారతాన్ని కళ్లారా చూడలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంలో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. ఫిస్క్ ప్రయోగశాలలోనే విద్యార్థిగా తర్ఫీదు పొందిన జార్జి హిచింగ్స్, కణాలను నకిలీ పదార్థాలతో మోసగించే మందులకే 1988లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. సుబ్బారావు గారిని ఆ బహుమతి వరించలేదు. మరణానంతరం దానిని ఇవ్వరు.

ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చియూ లీ అనే చైనా వైద్యుడు మెథోట్రెక్సేట్‌తో మరొక అద్భుతం చేశాడు. గర్భకోశంలోని మాయనుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరు స్త్రీలను నెలలలో కబళించేది. ఆ గడ్డ ఒక హార్మోనును వెలువరిస్తుంది. అది మూత్రంలోకి వస్తుంది. దానిని కొలిచే యంత్రాలు ఇంకా రాలేదు. రోగి మూత్రపు సారాన్ని ఈడేరని ఆడ ఎలుకలకు ఎక్కించి, వాటి గర్భాశయం ఎంత బరువెక్కిందో తూచేవారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా మూత్రంలో హార్మోను మిగిలి ఉండడం లీ గమనించాడు. గడ్డ ఇంకా ఎక్కడో దాగి ఉన్నదని వాదించి, అది సున్నా అయ్యేవరకు మందు ఇస్తూ పోయాడు. రోగం కనబడకపోయినా విషప్రాయమైన మందు ఇస్తున్నాడని పైవారు ఆయనను ఉద్యోగంనుండి తొలగించారు. మందు ముందే ఆపినవారికి వ్యాధి తిరిగివచ్చింది. సూచిక సున్నా అయ్యేవరకు చికిత్స పొందినవారు నిలిచారు. గడ్డకట్టిన క్యాన్సరు కేవలం మందుతో పూర్తిగా కుదిరిన తొలి ఉదాహరణ ఇదే.

ఇంతవరకు ఉన్న క్యాన్సరును కొలవడం చెప్పాను. రాబోయే క్యాన్సరును, దాని కారకాన్ని పట్టడం మరొక పని. 1915లో జపాను దేశంలో యమగివా, ఇచికావా అనేవారు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సరు పుట్టించారు. ఫలానా పదార్థం క్యాన్సరు తెస్తుందా అని తెలుసుకోవడానికి ఆనాటినుండి మార్గం అదే: జంతువుకు ఇవ్వడం, గడ్డ కోసం వేచి ఉండడం. ఎలుకలలో ఇది పూర్తికావడానికి రెండేండ్లు పడుతుంది. గడ్డ కట్టకముందే కాలేయం ఏదైనా సైగ చేస్తుందా అన్న ప్రశ్న నుండి క్రొత్త పరీక్షలు పుట్టాయి.

సైగ చేస్తుంది. క్యాన్సరు కారకాన్ని తిన్న ఎలుక కాలేయాన్ని పలుచని పొరలుగా కోసి చూస్తే, గడ్డ రావడానికి వారాల ముందే అక్కడక్కడ కొన్ని కణాలు చిన్న దీవులవలె వేరుపడి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలలో ఏటీపీనుండి ఫాస్ఫేటును విడగొట్టే ఎంజైము ఉంటుంది. విడివడిన ఫాస్ఫేటును సీసపు లవణంతో పట్టి నల్లగా కనిపింపజేస్తారు. ఆ దీవులలో ఆ ఎంజైము సన్నగిల్లి ఉండడంచేత నల్లని నేలలో తెల్లని మచ్చలవలె తేలుతాయి. గ్లూకోజుకు అంటుకొన్న ఫాస్ఫేటును విడగొట్టే మరొక ఎంజైము విషయంలోనూ అంతే. పొరలుగా కోయక కాలేయాన్ని నూరి కొలవదలచినవారు, వెలువడిన ఫాస్ఫేటును దశాబ్దాలపాటు ఫిస్క్-సుబ్బారావు నీలిరంగుతోనే కొలిచారు. ఆయన వేరుచేసిన పదార్థం, ఆయన నిర్మించిన కొలమానం, రెండూ ఈ విధంగా క్యాన్సరు కారకాలను వెదకే పనిలో కుదురుకొన్నాయి. తరువాత మరింత నమ్మకమైన సూచికలు దొరికాయి. జపానులోనే ఇటో అనే ఆచార్యుడు జీఎస్టీ-పి అనే ఎంజైమును గుర్తుగా తీసుకొని, రెండేండ్ల పరీక్షను ఎనిమిది వారాలకు కుదించాడు. కాలేయానికి హానిచేసే రసాయనాలకే ఇది బాగా పనికివస్తుంది. తక్కిన అవయవాలకు వేరే పరీక్షలు కావాలి.

ఇదంతా ఎక్కడో ఎలుకల బోనులలో జరిగే వ్యవహారమని మనవారు తీసిపారవేయరాదు. మదనపల్లె, పుంగనూరు మెట్టభూములలో తరతరాలుగా పండే వేరుశనగకు దీనితో దగ్గరి చుట్టరికం ఉన్నది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి కాలేయం చెడి చచ్చాయి. వెదకగా అవి తిన్న వేరుశనగ పిండిలో బూజు ఉన్నదని, ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తున్నదని తేలింది. ఎలుకలకు అది రవ్వంత మోతాదులోనే కాలేయ క్యాన్సరు తెస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో తుల్పులే, గోపాలన్ మొదలైనవారు కోతులకు దానిని ఇచ్చి కాలేయం చెడడాన్ని 1960లలోనూ, క్యాన్సరు పుట్టడాన్ని 1972లోనూ నమోదుచేశారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించినప్పుడు కారణం తేల్చినది కూడా ఆ సంస్థవారే.

అఫ్లాటాక్సిన్ దేహంలో చేరితే రెండు జాడలు వదులుతుంది. కాలేయంలో మార్పుచెంది వంశపదార్థమైన డీఎన్ఏకు అంటుకొంటుంది. అంటుకొన్న ముక్క ఊడి మూత్రంలో వస్తుంది. రక్తంలోని ఆల్బుమిన్‌కు కూడా అంటుకొని వారాల తరబడి నిలుస్తుంది. తిన్న విషానికి ఈ జాడకు లెక్క కుదురుతుందని మొదట ఎలుకలలో రుజువు చేసుకొన్నారు. తరువాత చైనాలోని షాంఘై నగరంలో 18,244 మంది పురుషుల మూత్రాన్ని ముందే సేకరించి దాచి, కాలేయ క్యాన్సరు వచ్చినవారి సీసాలను తీసి చూచారు. వారిలో ఆ జాడ తరచుగా కనిపించిందని 1992లో ప్రకటించారు. హకీముగారి కారూరా మరల బల్లమీదికి వచ్చిందన్నమాట.

పంట చివరిదశలో వాన ముఖం చాటేసి నేల కాగినప్పుడు ఈ బూజు కాయలోనికే చొరబడుతుంది. కరువు సీమగనుక ఇది మనకు పరాయి సంగతి కాదు. పీకిన చెట్టు వానకు తడిసినా, కాయ సరిగా ఆరకముందే మూటగట్టినా అంతే. ముడుచుకొన్న పప్పును, చీలిన కాయను ఏరివేస్తే విషంలో చాలాభాగం పోతుంది. కంటికి బాగున్న పప్పులో అది లేదని చెప్పడానికి మాత్రం వీలులేదు; అందుకే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు దానిని చవకగా పట్టే పరీక్షను రూపొందించారు. అందులో కూడా ఫలితాన్ని చెప్పేది ద్రవంలో తేలే రంగే. ఎంత చిక్కనో కొలిచి లెక్క వేస్తారు.